జంతువును తరువాత చూడండి, ముందు దాని వెనుక ఏముందో చూడండి

మీ ప్రశ్ననూ, దానితో పంపిన ఐదు ఫోటోలనూ తీరికగా చూశాను. విశాఖపట్నం మధురవాడలో ఉంటారని, ఆరు నెలల క్రితం కెమెరాతో పాటు 70–300 మిల్లీమీటర్ల లెన్స్ కొన్నారని, సెలవు దొరికినప్పుడల్లా జూకో రుషికొండ తీరానికో వెళుతున్నారని, ఒకసారి కొండకర్ల ఆవ సరస్సు కూడా చూసి వచ్చారని రాశారు. ఫోకస్ బాగానే కుదురుతోంది, ఫ్రేమును మూడు భాగాలు చేసే గీతల మీదే జంతువును పెడుతున్నాను, అయినా ఫోటోలో జీవం కనిపించడం లేదు, 600 మిల్లీమీటర్ల లెన్స్ కొంటే బాగుపడుతుందా అన్నది మీ ప్రశ్న.

ఆ లెన్స్ ఇప్పుడే కొనవద్దు. మీ కెమెరా 24 మెగాపిక్సెళ్లది, అంటే ఒక్కో ఫోటో 6000 చుక్కల వెడల్పు, 4000 చుక్కల ఎత్తు ఉంటుంది. 300 దగ్గర తీసిన ఫోటోలో నిలువునా అడ్డంగా సగం కత్తిరిస్తే 600 లెన్స్ చూపించేంత దృశ్యమే మిగులుతుంది. అప్పటికీ 3000 చుక్కల వెడల్పు, 2000 చుక్కల ఎత్తు ఉంటాయి కాబట్టి ఏ4 కాగితం మీద అచ్చు వేయించుకోవడానికి అది చాలు. దగ్గరతనం మీ దగ్గర సరిపడా ఉంది. మీ ఐదు ఫోటోల్లో నాలుగింటికి ఉన్న ఇబ్బంది వేరు. మీరు జంతువునో సూర్యుణ్ణో మాత్రమే చూసి షట్టర్ నొక్కారు. దాని వెనుక, చుట్టూ ఉన్నదేదీ మీ కంట పడలేదు.

దీనికి సిగ్గుపడవలసిన పని లేదు, అందరికీ జరిగేదే. పిట్టను చూస్తున్నప్పుడు మన మనసు పిట్టను పట్టుకుని మిగతాదంతా వదిలేస్తుంది. వెనుక ఉన్న కరెంటు తీగ, ప్లాస్టిక్ సంచి, ఎండలో మెరుస్తున్న ఆకు ఆ క్షణంలో మనకు లేనట్టే. కెమెరాకు ఆ వివక్ష తెలియదు. తీగను కూడా పిట్టంత శ్రద్ధగానే నమోదు చేస్తుంది. ఇరవై ఏళ్ల క్రితం భీమిలిలో, గోస్తని నది సముద్రంలో కలిసే చోట, ఒక లకుముకి పిట్ట కోసం రెండు గంటలు కూర్చున్నాను. అది చేపను పట్టుకుని కొయ్య మీదకు వచ్చి వాలింది, ఎండ సరిగ్గా దాని నీలి వీపు మీద పడింది, ముక్కున చేప మెరుస్తోంది. ఆనందంతో చేతులు వణికాయి. ఇంటికి వచ్చి చూస్తే ఆ పిట్ట నడినెత్తి నుంచి ఒక దీపస్తంభం మొలిచి ఉంది. ఒక్క అడుగు ఎడమకు జరిగి ఉంటే స్తంభం ఫ్రేములోంచి తప్పుకునేది. జరగడానికి నాకు రెండు గంటల సమయం ఉంది కూడా. ఆ ఫోటో ఇప్పటికీ దాచుకున్నాను.

అప్పటినుంచి నేను చేసే పని తిరగబడింది. ముందు నేపథ్యాన్ని ఎంచుకుంటాను. ఆ తరువాత, జంతువు ఆ నేపథ్యం ముందుకు వచ్చేలా నేను ఎక్కడ ఉండాలో వెతుక్కుంటాను. మీ ఫోటోల్నే తీసుకుని ఇది ఎలా చేయాలో చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉండి చేజారింది మీ రుషికొండ పీత. మీరు నిలబడి, కెమెరాను కిందికి వంచి తీశారు. అందువల్ల పీత వెనుక ఉన్నది ఇసుక మాత్రమే. పీతదీ ఇసుక రంగే, వెనుకా ఇసుకే, దాని మీద జనం అడుగుజాడలు. పీత ఎక్కడుందో వెతకవలసి వచ్చింది. ఇప్పుడు అదే పీతను దాని కన్నుల ఎత్తు నుంచి ఊహించండి. ఈ పీతల కళ్లు చిన్న కాడల చివర నిలబడి ఉంటాయి. మీరు బోర్లా పడుకుని, లెన్స్ దాదాపు ఇసుకను తాకేలా పెడితే, పీత వెనుక ఉండేది రెండు అడుగుల ఇసుక కాదు, దూరంగా ఉన్న అల, ఆపైన ఆకాశం. ఇసుక ముందు వైపు ఒక మెత్తని గీతగా మారిపోతుంది. అల తెల్లని పొగలా కరిగిపోతుంది. ఆ రెండు కళ్లు ఆకాశంలోకి పొడుచుకుని వస్తాయి. అప్పుడు చూసేవాడు పీతను పైనుంచి చూడడం మాని, పీత లోకంలోకి దిగుతాడు.

ఇది చేయాలంటే కొంచెం ఓపిక కావాలి. మీరు నడుస్తుంటే ఆ అదురుకు పీతలన్నీ బొరియల్లో దూరిపోతాయి. బొరియకు నాలుగైదు మీటర్ల దూరంలో పడుకుని కదలకుండా ఉండండి. కొన్ని నిమిషాల్లో మళ్లీ బయటికి వస్తాయి, మీరు కదలనంతసేపు పట్టించుకోవు. మోచేతుల కింద పాత తువ్వాలు, లెన్స్ కింద బియ్యమో ఇసుకో నింపిన చిన్న గుడ్డ సంచి చాలు. ఒక హెచ్చరిక మాత్రం మనసులో పెట్టుకోండి. మన తీరంలో అల ఉన్నట్టుండి పైకి వస్తుంది, లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ. తడి గీతకు బాగా పైన పడుకోండి, సముద్రానికి వీపు పెట్టకండి.

పీతకూ దాని వెనుక ఉన్నదానికీ మధ్య దూరం ఎందుకు ముఖ్యమో అంకెల్లో చెబితే మీకు బాగా పడుతుందనుకుంటాను. మీ లెన్స్ 300 దగ్గర, ఎఫ్ 5.6 అపర్చర్‌తో (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం కొలత), ఐదు మీటర్ల దూరంలో ఉన్నదానిపై ఫోకస్ చేస్తే, స్పష్టంగా కనిపించే మందం సుమారు ఆరు సెంటీమీటర్లు. అదే పది మీటర్ల దూరంలో అయితే సుమారు పాతిక సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే మందం నాలుగింతలు అవుతుంది. కాబట్టి జంతువు మీకు దగ్గరగా, నేపథ్యం జంతువుకు దూరంగా ఉన్నప్పుడు వెనుకదంతా ఉత్త రంగుగా కరిగిపోతుంది. జంతువు పొదను ఆనుకుని ఉంటే ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఆ పొదను కరిగించలేదు. నేపథ్యం పలచబడాలంటే డబ్బు కన్నా ముందు దూరాన్ని వాడుకోవాలి.

కొండకర్ల ఆవలో తీసిన తెల్లకొంగ ఫోటో సంగతి ఇదే. కొంగ రెల్లుకు ఆనుకుని నిలబడి ఉంది. ఎండిన రెల్లు కాడలు దాని మెడకు సమాంతరంగా పది నిలువు గీతలు గీశాయి. కొంగ మెడ అందమంతా దాని వంపులోనే ఉంది, ఆ వంపును పక్కనున్న గీతలు మింగేశాయి. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఆ సరస్సులో తాటి దోనెల మీద తిప్పుతారు కదా, అక్కడ మీకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. దోనె కదులుతున్నప్పుడు మీ కోణం దానంతట అదే మారుతూ ఉంటుంది. దోనె నడిపే ఆయనతో ముందే మాట్లాడుకోండి. "కొంగ దగ్గరకు వద్దు బాబాయ్, మెల్లగా పక్కనుంచి పోనివ్వండి, చెప్పినప్పుడు గెడ ఆపండి" అంటే చాలు, వాళ్లకు పిట్టల తీరు మనకన్నా బాగా తెలుసు. కొంగ వెనుక రెల్లు పోయి నీడలో ఉన్న నీళ్లు వచ్చే క్షణం కోసం చూడండి. ముదురు నీటి ముందు తెల్లకొంగ దీపంలా నిలుస్తుంది. అప్పుడు కెమెరా ఆ ముదురును చూసి కొంగను తెల్లటి ముద్దగా మార్చేస్తుంది కాబట్టి, ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా పట్టే వెలుగును, ఒక మెట్టు తగ్గించి ఈకల గీతలు మిగిలేలా చూసుకోండి.

అక్కడి తామరాకుల మీద నడిచే పొడుగు వేళ్ల జకానా పిట్టను తీయాలనుకుంటే మాత్రం నేను చెప్పినదానికి కొంత సడలింపు ఇవ్వాలి. ఆ పిట్టకు ఆకులే ఇల్లు. ఆకులన్నీ మాయం చేస్తే అది ఎక్కడిదో ఎవరికీ తెలియదు. అప్పుడు దగ్గరగా పోకుండా, లెన్స్‌ను 100 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, ఆకుల వరుసలో పిట్ట చిన్నగా ఉండనివ్వండి. మద్రాసుకు చెందిన ప్రకృతి పరిశీలకుడు మాధవయ్య కృష్ణన్ (1912–1996) నలుపు తెలుపుల్లోనే మన అడవి జంతువులను జీవితమంతా ఫోటోలు తీశారు. రంగు లేని చోట ఆకారం, వెలుగు, చోటు తప్ప ఆసరా ఇంకేమీ ఉండదు. మీరు కూడా కెమెరా తెరను ఒక నెల పాటు నలుపు తెలుపులో పెట్టుకుని తీయండి. కెమెరా పట్టిన అసలు సమాచారమంతా ఉండే రా ఫైలు కూడా దాచుకునే అమరిక ఎంచుకుంటే రంగులు ఎక్కడికీ పోవు. పచ్చని ఆకుల్లో పచ్చని చిలుక, మట్టిలో మట్టిరంగు కుందేలు ఎందుకు కలిసిపోతున్నాయో తెరమీదే కనిపిస్తుంది.

జూలో తీసిన చుక్కల దుప్పి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. కంచె అడ్డం వచ్చింది, వెనుక సిమెంటు నీళ్ల తొట్టి ఉంది. కంచె పోవాలంటే లెన్స్‌ను దానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి, అపర్చర్ పూర్తిగా తెరవాలి, జంతువు కంచెకు దూరంగా ఉండాలి, మీరున్న చోట కంచె మీద ఎండ పడకూడదు. నాలుగూ కుదిరితే తీగలు మాయమవుతాయి. మన జూకు ఉన్న అదృష్టం దాని వెనుక కంబాలకొండ. కందకాలతో విడదీసిన ఆవరణల దగ్గర కొంచెం కింద కూర్చుని తీస్తే సిమెంటు పోయి, జంతువు వెనుక ఆ కొండ పచ్చదనం వస్తుంది. గేటు తెరిచే వేళకే ఎండ గట్టిపడుతుంది కాబట్టి శీతాకాలమో, మబ్బు పట్టిన రోజో ఎంచుకోండి. సోమవారం జూకు సెలవు, అది గుర్తుంచుకోండి.

ఇక మూడు భాగాల గీతలు. ఆ నియమం తప్పు కాదు, మొదటి నెలలో జంతువును నట్టనడుమ పెట్టే అలవాటు పోగొట్టడానికి పనికి వస్తుంది. ఆ తరువాత దాన్ని పట్టుకుని వేలాడితే హాని చేస్తుంది. మీ దుప్పి కుడి గీత మీద చక్కగా కూర్చుంది, కానీ కుడివైపుకే చూస్తోంది. దాని ముక్కు ముందు ఫ్రేము అంచు గోడలా నిలిచింది, వెనుక చోటంతా ఖాళీగా ఉండిపోయింది. జంతువు చూసే వైపు, నడిచే వైపు, ఎగిరే వైపు చోటు వదలాలి. గీత ఎక్కడుందన్నది ఆ తరువాతి మాట. చూపు సూటిగా మీ వైపే ఉంటే నట్టనడుమ పెట్టినా నిలుస్తుంది. ఫ్రేము నాలుగు అంచులనూ చూపుతో ఒకసారి చుట్టి రావడం నేర్చుకోండి. తోక కొస తెగిందా, చెవి అంచుకు తగులుతోందా, మూలలో తెల్లటి కాగితం మెరుస్తోందా చూసుకోవడానికి ఒక్క క్షణం పడుతుంది. కాళ్లు కత్తిరించవలసి వస్తే కీళ్ల దగ్గర కత్తిరించకండి, తొడ మధ్యలోనో ఛాతీ దగ్గరో కత్తిరించండి.

సూర్యోదయం ఫోటోలో మొదట నాకు కనిపించింది వంగిన సముద్రం. నీళ్లు కుడివైపుకు కారిపోతున్నట్టు ఉంది. కెమెరాలో మట్టపు గీత పెట్టుకునే వీలుంటుంది, దాన్ని తెరవండి. అది చిన్న తప్పు. పెద్దది ఏమిటంటే, సూర్యుడు తప్ప ఆ ఫోటోలో చూడడానికి ఏమీ లేదు. మనది తూర్పు తీరం. జూన్‌లో ఐదుంపావు దాటాక, జనవరిలో ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు నేరుగా నీళ్లలోంచి వస్తాడు. సాయంత్రం మాత్రం కొండల వెనక్కి దిగిపోతాడు, తీరం ముందుగానే నీడలో పడిపోతుంది. అంటే ఇక్కడ తీరంలో తీసేవారికి రోజు పొద్దునే మొదలై పొద్దునే ముగుస్తుంది. అయితే ఆ పొద్దుటి గంటలో సూర్యుడి వైపే తిరిగి ఉండవలసిన అవసరం లేదు. మంగమారిపేట దగ్గరి రాతి తోరణం వద్ద నిలబడి వెలుగు రాతి మీద ఎలా పాకుతోందో చూడండి. ఎర్రమట్టి దిబ్బలకు వెళితే ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ వాన నీరు కోసిన గాడులున్నాయి. మిట్టమధ్యాహ్నం అవి చదునైన ఎర్రటి గోడల్లా కనిపిస్తాయి, పొద్దున వెలుగు పక్కనుంచి పడినప్పుడు ప్రతి గాడికీ నీడ వచ్చి మట్టి లేచి నిలబడుతుంది. కెమెరాను నిలువుగా పట్టుకోండి. ఒక గాడి ఫ్రేము కింది మూల నుంచి మొదలై పైకి మెలికలు తిరిగేలా నిలబడండి. పైన అంచున ఒక తాటిచెట్టో, నడిచి వెళ్లే మనిషో ఉంటే ఆ దిబ్బ ఎంత ఎత్తో తెలుస్తుంది. గోడలెక్కి మట్టి రాల్చకండి, అది మళ్లీ పేరుకునేది కాదు.

వంజంగి మబ్బుల కోసం పాడేరు వైపు వెళ్లాలని కూడా రాశారు. అందరూ అక్కడ ఫోనుతో వెడల్పుగా తీస్తారు, మబ్బుల సముద్రం సన్నటి తెల్లగీతగా మిగులుతుంది. మీరు 200 దాటి పెట్టి, మబ్బులోంచి పైకి తేలిన రెండు మూడు కొండ కొనలను మాత్రమే ఎంచుకోండి. పొడుగు లెన్స్ దూరపు కొండలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చూపిస్తుంది, ముందుది ముదురుగా, వెనుకవి ఒక్కొక్కటి లేతగా. ఈ పనికి మీ 70–300 ఎంతో నయం.

ఒక విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. మంచి కూర్పు కోసం కొమ్మలు విరవడం, గూటి ముందు ఆకులు తొలగించడం, పిట్టను ఎగరగొట్టడానికి రాయి విసరడం చేయవద్దు. గూటి ముందు ఆకు తీసేస్తే ఎండా కాకీ రెండూ పిల్లల్ని చేరతాయి. శీతాకాలం చివర మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. రాత్రి పూట టార్చీ, ఫ్లాష్ వాటిని కలవరపెడతాయి, పిల్లలు వెలుగు వైపుకు తిరిగి దారి తప్పుతాయి. అటవీ శాఖ పిల్లలను వదిలే పొద్దున సిబ్బందిని అడిగి, వారు చూపిన చోట, పీతకు చెప్పినట్టే బోర్లా పడుకుని తీయండి.

ఇప్పుడు సాధన. కొత్త చోటు వెతుక్కోకండి. మీ ఇంటికి దగ్గరలో ఒక్క చోటు ఎంచుకోండి, ముడసర్లోవ జలాశయం కట్ట అయినా సరే, మీ వీధి చివరి ఖాళీ స్థలమైనా సరే. నాలుగు వారాలు అక్కడికే వెళ్లండి. వెళ్లగానే కెమెరా తీయకుండా పావుగంట నేపథ్యాలు చూడండి. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ చదునైన రంగు ఉంది, ఏ కొమ్మ వెనుక ఆకాశం ఉంది, ఏ కొమ్మ వెనుక దూరంగా పచ్చని గుట్ట ఉంది. తరువాత ఆ గుట్ట ముందున్న కొమ్మ మీదకు పిట్ట వచ్చేదాకా కూర్చోండి. పసుల పోలిగాడు పురుగు పట్టి మళ్లీ అదే కొమ్మకు వస్తుంది, ఓపిక నేర్చుకోవడానికి దానికి మించిన గురువు నాకు దొరకలేదు. ఇంటికి వచ్చాక ఒక్కో ఫోటోలో జంతువును బొటనవేలితో కప్పి మిగిలినదాన్ని చూడండి. ఆ మిగిలినది చూడబుద్ధి అయితే ఫోటో ఉంచుకోండి, గజిబిజిగా ఉంటే ఎందుకు గజిబిజిగా ఉందో ఒక పుస్తకంలో ఒక్క వాక్యం రాయండి. ఇంకొకటి, ఫోటోను తలకిందులు చేసి చూడండి. పాత పెద్ద కెమెరాల్లో గాజు పలక మీద బొమ్మ తలకిందులుగానే పడేది. అలా చూసినప్పుడు అది దుప్పి అన్న సంగతి మరుగున పడి, వెలుగు ఎక్కడ ముద్దయ్యిందో, బరువు ఎటు ఒరిగిందో కనిపిస్తుంది.

మీ ఐదో ఫోటోను చివరికి దాచాను. ప్రహరీ గోడ మీద తొండ. మీరు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, "ఇంటి దగ్గర ఊరికే తీసింది" అని రాశారు. గోడ ఎత్తుకు మీ కన్ను ఉంది, తొండ తల పైకెత్తి ఎడమకు చూస్తోంది, ఎడమవైపు చోటుంది. వెనుక ఎంతో దూరంలో ఉన్న వేపచెట్టు లేతపచ్చ రంగుగా కరిగిపోయింది. ఆ రోజు మీరు నియమాలేవీ తలుచుకోకుండా, గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారని నా ఊహ. కుడి అంచున తోక కొస కొద్దిగా తెగింది, అంతే. రేపు పొద్దున అదే గోడ దగ్గర, అదే కుర్చీలో, వేపచెట్టు వెనుక ఉండేలా మళ్లీ కూర్చోండి. ఎండ పట్టగానే తొండ వస్తుంది.